పచ్చరంగు ముహూర్తం

మా ఆఫీసు గోడమీది టీవీలో పచ్చరంగు చూస్తే ఇప్పుడు నేను నమ్మను. ఒకప్పుడు అదే రంగు చూసుకుని, ఇవాళ్టికి గండం గడిచిందనుకుని, నిశ్చింతగా కింద టీ బండి దగ్గరకు దిగేదాన్ని.

ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో. కింద రెండు క్లినిక్కులు, మధ్యలో ఒక కోచింగ్ సెంటరు, పైన మేము. మెట్లమీద ఎప్పుడూ ఎవరో ఒకరు స్కానింగు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళను తప్పించుకుంటూ పైకొస్తే అద్దాల తలుపు, దానిపైన నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దిష్టి దండ, లోపల హాల్లో గోడంత టీవీ. మేము చేసేది రైతుల ఫోన్లలో పనిచేసే 'చేనుకబురు' అనే యాప్. మిరపకు బొబ్బర తెగులు తగిలితే ఏ మందు కొట్టాలో, పత్తిలో పురుగు కనబడితే ఎంత కలపాలో అది చెబుతుంది. యజమాని శశిభూషణ్. నా పేరు బాలత్రిపురసుందరి. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక త్రిపురగా మిగిలాను.

నాది బిల్డు పని. పదిమంది విడివిడిగా రాసిన కోడును ఒకచోట చేర్చి, సరిచూసి, యాప్‌గా కట్టి ఫోన్లకు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది తనంతట తానే పనిచేస్తుంది గానీ, ఎలా చెయ్యాలో ముందుగా ఒకరు చెప్పిపెట్టాలి. ఆ చెప్పేదాన్ని నేను. దాని సెట్టింగుల పేజీలోనే నా సంసారమంతా ఉంటుంది. కోడు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, ఏ వేళకు మొదలుపెట్టాలి, ఏయే పరీక్షలు చెయ్యాలి, ఎప్పుడు ఆగిపోవాలి. ఆ చివరిదాని పక్కన ఒక చిన్న గడి ఉంది. పరీక్షల్లో ఒక్కటి తప్పినా బిల్డు ఆపెయ్యాలా, అని దాని అర్థం. గడిలో టిక్కు ఉంటే, తప్పు దొరికిన క్షణాన అంతా ఆగిపోయి టీవీ ఎర్రబడుతుంది. టిక్కు తీసేస్తే ఎన్ని తప్పులున్నా యాప్ కట్టుకుని ఫోన్లకు వెళ్ళిపోతుంది, టీవీ పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

మిరపకల్లాల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరడం ఈ ప్రాంతంలో చూడనివాళ్ళుండరు. మా పరీక్షలూ అంతే, తాలు ఏరడమే. ఏరిన తాలును మళ్ళీ బస్తా అడుగున పోసి, పైన మేలుకాయ పరిచేవాణ్ణి ఏమంటారో మిర్చి యార్డులో ఎవర్నడిగినా చెబుతారు. ఆ మాట నేనిక్కడ రాయను.

శశిభూషణ్‌కి అనంతపద్మనాభం అని ఒక మేనమామ ఉన్నారు. మా ఆఫీసుకు పంచాంగం ఆయనే. కొత్త వెర్షన్ వదలాలంటే ఆయన ముహూర్తం పెట్టాలి, టీవీ ముందు కొబ్బరికాయ కొట్టాలి, టీవీకి బంతిపూల దండ వెయ్యాలి. సర్వరుకు మూడు పూటలా కరెంటు ఉన్నా లేకపోయినా బొట్టు మాత్రం ఉంటుంది. రాహుకాలంలో బిల్డు మొదలవకూడదని కూడా ఆయనే అన్నారు. నవ్వుకుంటూనే సెట్టింగుల్లో పెట్టాను. రాహుకాలం ఏ వారానికి ఉండే వేళ ఆ వారానికి ఖాయం కనుక ఒక్కసారి రాసేస్తే చాలు. వర్జ్యమే రోజుకొక వేళ. అది ఆయన పొద్దున్నే వాట్సాప్‌లో పంపేవారు, నేను ఎక్కించేదాన్ని. మా నాన్న పెదకాకానిలో పౌరోహిత్యం చేస్తారు, ముహూర్తాలంటే నాకేమీ వెటకారం లేదు. ఒక గంట ఆగి మొదలైన బిల్డు పాడైపోదు కూడా. అంతవరకూ సరదాగానే ఉండేది.

అసహ్యం మొదలైంది ఎరుపు దగ్గర. మొన్న వేసవిలో ఒకసారి సరిగ్గా ముహూర్తం వేళకు టీవీ ఎర్రబడింది. దానికి తోడు కొట్టిన కొబ్బరికాయ కుళ్ళింది. పెట్టుబడి పెడతామని హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనుషులు ముక్కు మూసుకుని చూశారు. ఆ కాయ నీళ్ళు టైల్సు మీద పారి, ఆ వాసన రెండు రోజులు పోలేదు. అప్పట్నుంచి శశిభూషణ్‌కి ఎరుపంటే పడదు. ఎరుపు అపశకునమన్నాడు. మిరపకాయ తిని బతికే ఊళ్ళో కూర్చుని ఎరుపు అపశకునమేమిటండీ అంటే, నీకన్నీ వేళాకోళమే అన్నాడు. టీవీ ఎందుకు ఎర్రబడిందో మాత్రం ఆయన ఒక్కసారీ అడగలేదు. కాయ ఎందుకు కుళ్ళిందనేదే ఆయన బెంగ.

ఇక అసలు సంగతి. అంతకుముందు మా యాప్ మందు మోతాదును వీపున మోసే ట్యాంకు లెక్కనే చెప్పేది. ఇప్పుడు చాలామంది పెద్ద డ్రమ్ములో కలిపి పైపుతో కొడుతున్నారు కదా అని, డ్రమ్ము లెక్క కూడా చూపించేలా చైతన్యకృష్ణ కొత్త కోడు రాశాడు. తెలివైనవాడే, కానీ తొందరెక్కువ. రాసి ఎక్కడో తడబడ్డాడు. ట్యాంకు అని నొక్కినా సరే, డ్రమ్ముకు పట్టే మందే చూపిస్తోంది. డ్రమ్మంటే ట్యాంకుకు పదింతలకు పైమాటే. అంటే ఒక్క ట్యాంకు నీళ్ళలో డ్రమ్ము మందు పోసుకోమని రైతుకు చెబుతుందన్నమాట.

దాన్ని సాజిదా పరీక్ష పట్టేసింది. సాజిదా మా టెస్టరు. దర్శి దగ్గర పల్లెటూరు వాళ్ళది. వాళ్ళ నాన్న మస్తాన్‌వలి మూడెకరాలు కౌలుకు చేస్తాడు, అంతా మిరపే. ఆ పిల్ల పరీక్షలు ఊహించి రాయదు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, మందు మూతతో కొలుస్తావా గ్లాసుతోనా, ముందు నీళ్ళు పోస్తావా మందు పోస్తావా అని విసిగించి రాస్తుంది. ఈ పరీక్షకు ఆ పిల్ల పెట్టిన పేరు 'నాన్న ట్యాంకు'. వాళ్ళ నాన్న వీపున మోసే ట్యాంకుకు యాప్ ఎంత మందు చెబుతోందో సరిచూడటం దాని పని. అది తప్పింది. టిక్కు ఉంది కనుక బిల్డు ఆగింది, టీవీ ఎర్రబడింది. జరగాల్సింది జరిగింది.

కానీ గురువారం ముహూర్తం పెట్టి ఉంది. మళ్ళీ అదే హైదరాబాదు పెద్దమనుషులు వస్తున్నారు. బుధవారం సాయంత్రానికి కూడా చైతన్య దాన్ని సరిచెయ్యలేకపోయాడు. పైగా పరీక్షే పాతదని, దానికి డ్రమ్ము సంగతి తెలియదని వాదించాడు. అద్దంలో మొహం బాగాలేదని అద్దాన్ని తిట్టినట్టుంది అన్నాను. శశిభూషణ్ నన్నూ చైతన్యనూ గదిలోకి పిలిచాడు. టిక్కు తీసెయ్యమన్నాడు.

"ఒక్కరోజుకే త్రిపురా. వాళ్ళు వస్తారు, టీవీ చూస్తారు, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత నీ టిక్కు నువ్వు పెట్టుకో, ఎవరొద్దన్నారు?"

"టిక్కు తీస్తే రంగొక్కటే మారదు సార్. యాప్ ఫోన్లకెళ్ళిపోద్ది."

"వెళ్తే వెళ్ళనీ. తప్పుంటే రైతులే ఫోన్ చేసి చెబుతారు. వచ్చేవారం సరిచేద్దాం."

రైతులే చెబుతారట. ఎలా చెబుతారో ఆయన ఊహించుకున్నాడో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం నోట్లో ఏదో పాచిపట్టినట్టయింది. ఆయన బల్లమీద వెండి వినాయకుడు, దాని పక్కన మా యాప్ బొమ్మ ముద్రించిన కప్పు, దానిమీద 'రైతే రాజు' అన్న అక్షరాలు. ఆ కప్పులో ఆయన కాఫీ తాగుతున్నాడు. నేను తియ్యనన్నాను. మా నాన్న ముహూర్తం పెట్టేముందు అన్నీ సిద్ధమేనా అని ఒకటికి రెండుసార్లు అడుగుతారు, కాకపోతే వేరే రోజు చూస్తారు, మీరూ వాయిదా వెయ్యండి అన్నాను. అక్కడే కూర్చున్న అనంతపద్మనాభం గారు ఈ వారం దాటితే మూఢమని, నెల దాకా మంచిరోజే లేదని అన్నారు. శశిభూషణ్ సరేలే చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపాడు.

గురువారం నేను సెలవు. పిడుగురాళ్ళలో మా పిన్ని కూతురి గృహప్రవేశం, నెలముందే అడిగిన సెలవు. టిక్కు ఉన్నచోటే ఉంచి వెళ్ళాను. టిక్కు ఉన్నంతసేపూ ఆ తప్పు గడప దాటదు. ఇల్లు తాళం వేసి వెళ్ళినంత ధీమాగా వెళ్ళి, పాలు పొంగడం చూసి, సున్నపు బట్టీల దుమ్ము తలనిండా మోసుకుని రాత్రి బస్సుకు తిరిగొచ్చాను. చైతన్య దగ్గర కూడా ఆ పేజీ తెరిచే హక్కుందన్నది నాకు తెలియని సంగతేమీ కాదు. అతను ఆ పని చేస్తాడని మాత్రం అనుకోలేదు.

శుక్రవారం పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి టీవీ పచ్చగా ఉంది. పైన బంతిపూల దండ వాడిపోయి ఉంది. కింద కొబ్బరిచిప్పలకు చీమలు పట్టాయి. నిన్న ముహూర్తం సలక్షణంగా జరిగిపోయిందన్నమాట. కిటికీ దగ్గర సాజిదా ఫోన్లో మాట్లాడుతోంది. వాళ్ళింట్లో మాట తెలుగే.

"నాకూ ఎక్కువనే అనిపించింది నాన్నా. కొత్త మందుగా, దాని లెక్కంతేనేమో. మొన్నటిదాకా తప్పుంది, అప్పుడు ఎర్రగా ఉండేది. సరిచేశారు. ఇప్పుడు పచ్చగా ఉంది నాన్నా, నేను చూస్తానే ఉన్నా."

నాకు సంతోషమే వేసింది. చైతన్య రాత్రంతా కూర్చుని సరిచేశాడన్నమాట, అతన్ని అనవసరంగా తిట్టుకున్నానే అనుకున్నాను. నా కుర్చీకి వెళ్తూ, సాధించావు కదయ్యా అన్నాను. అతను తలెత్తలేదు. కీబోర్డు మీద లేని దుమ్మును వేలితో తుడుస్తూ, ఆ, అన్నాడు.

ఆ 'ఆ' నాకు నచ్చలేదు. బిల్డు తెరిచి లోపల చూశాను. పైన పచ్చటి గీత, దాని కింద మొదటి వరసలోనే 'నాన్న ట్యాంకు' తప్పింది అని ఉంది. రావలసినదానికీ వచ్చినదానికీ పదింతల పైన తేడా. సెట్టింగుల పేజీ తెరిచాను. గడి ఖాళీగా ఉంది. పైన పటారం లోన లొటారం అంటారే, దాన్ని ఒక టిక్కుతో చేసిపెట్టారు.

అప్పుడు సాజిదా మాటలు మళ్ళీ వినిపించాయి నాకు. చూస్తానే ఉన్నా, అంది. అవును, చూస్తూనే ఉంది. ఈ ప్రపంచంలో ఏ ఒక్కరైనా ఆ రంగును పూర్తిగా నమ్మారంటే అది ఆ పిల్లే, ఎందుకంటే తప్పు జరిగితే దాన్ని ఎర్రబరిచే పరీక్ష రాసింది తనే కనుక.

"సాజిదా, నాన్నకు ఫోన్ చెయ్యి. కొట్టొద్దని చెప్పు. ముందు ఫోన్ చెయ్యి, తర్వాత చెబుతా."

ఆ పిల్ల నా మొహం చూసి వెంటనే నాన్న నంబరు నొక్కింది. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మందు కొట్టేటప్పుడు ఆయన ఫోన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టుమీద వదిలేస్తాడట. మళ్ళీ చేసింది. ఈలోగా నేను కొత్త వెర్షన్‌ను వెనక్కి లాగి పాతది పెట్టే పనిలో పడ్డాను. ఆ సందడికి శశిభూషణ్ గదిలోంచి వచ్చాడు. ఏమైందో చెప్పాను. రెండు మాటల్లోనే చెప్పాను, అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. ఆయన ముందు టీవీ వైపు చూశాడు.

"శుక్రవారం పూట, నిన్న శుభమా అని ఎక్కించినదాన్ని దించుతావా? రేపు దించుకోకూడదూ?"

ఆ మాట అయ్యేలోపే దించేశాను. కానీ అప్పటికే ఫోన్లలోకి దిగిపోయినవి నేను దించినంత మాత్రాన పోవు. వాటికి, మోతాదు తప్పు, కొట్టవద్దు అని మెసేజ్ పంపాను. దానికి ఆయన, పేరు పోతుందన్నాడు. ఎవరి పేరండీ అని అడిగాను. చైతన్య తన కుర్చీలో అలాగే కూర్చున్నాడు. సార్ చెప్పారు, ఒక్కరోజే అన్నారు అని ఎవరూ అడగకుండానే గొణిగాడు. అతని వంక చూడాలంటే కూడా నాకు రోత పుట్టింది.

సాజిదా వాళ్ళమ్మకు చేసింది. ఆవిడ పక్కచేలో కూలికి వెళ్ళి ఉంది. ఫోన్ చెవిన పెట్టుకునే చేనుకు నడిచింది. ఆ నడక ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. గడ్డిలో చెప్పుల చప్పుడు, ఆవిడ ఆయాసం మా కిటికీ దగ్గర వినిపించాయి. చివరికి ఆవిడ గొంతు స్పీకర్లో వినిపించింది.

"రెండు ట్యాంకులు కొట్టి గట్టుమీద కూలబడ్డాడమ్మా. తల తిరుగుతోందంటన్నాడు. కక్కుకుంటన్నాడు."

మధ్యాహ్నానికి దర్శిలో సెలైన్ ఎక్కించి, సాయంత్రానికి గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను వెళ్ళేసరికి ఆయనకు స్నానం చేయించి వేరే బట్టలు తొడిగారు. మందు తడిసిన బనీనూ లుంగీ ప్లాస్టిక్ కవర్లో కట్టి మంచం కింద పెట్టారు. కవరుకు ముడి గట్టిగా పడలేదు. ఆ వాసన గదంతా ఉంది. ఘాటుగా, ఏదో కుళ్ళిన వెల్లుల్లిలాంటి వాసన. పక్క మంచం వాళ్ళు మొహం తిప్పుకున్నారు. ఆయన కళ్ళు మిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి, పెదాల చివర నురగ ఎండి తెల్లగా ఉంది. డాక్టరు ప్రాణానికి భయం లేదన్నారు. మా అందరికీ కాస్త ఊపిరి వచ్చింది.

మస్తాన్‌వలికి కూతురిమీద కోపమేమీ లేదు. అదే కష్టంగా ఉంది. సాజిదా మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని ఉంది.

"మొదటి ట్యాంకుకే కళ్ళు మండినయ్ తల్లీ. ఆపుదామనుకున్నా. నువ్వు పచ్చగా ఉందన్నావుగా, అందుకని రెండోది కూడా కలిపా."

సాజిదా లేచి వరండాలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఏడవడం లేదు. టిక్కు ఎవరు తీశారని అడిగింది. చెప్పాను. ఎందుకు తీశారని అడిగింది. టీవీ ఎర్రగా కనిపించకూడదట, అన్నాను. ఆ పిల్ల ఇంకా ఏదో ఉంటుందన్నట్టు నా మొహంలోకి చూసింది. ఇంకేమీ లేదు. అంతే కారణం. ఒక మనిషి చేత విషం పీల్పించడానికి ఇంతకంటే పెద్ద కారణం ఉండాలని తను అనుకుంది, నేనూ అనుకున్నాను.

అప్పుడే శశిభూషణ్, మేనమామా వచ్చారు, వాళ్ళతో మేమూ లోపలికి వెళ్ళాం. శశిభూషణ్ చేతిలో బత్తాయిల సంచి. మంచం కింద కవరు వాసనకు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ముక్కుకు అడ్డం పెట్టుకునే, కొట్టేటప్పుడు మీరు మూతికి గుడ్డ కట్టుకున్నారా పెద్దాయనా, మా యాప్‌లో స్పష్టంగా రాసే ఉంటుంది కదా అని అడిగాడు. పరామర్శకు వచ్చినవాడి నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. మస్తాన్‌వలి తప్పు చేసినవాడిలా, కట్టుకున్నానయ్యా అన్నాడు. అనంతపద్మనాభం గారు ఆయన తలదగ్గర నిలబడి, ఎంతో దయగా చెప్పారు.

"ముహూర్తబలం మంచిది కనుక బయటపడ్డావు నాయనా. లేకపోతే ప్రాణమే పోయేది."

మస్తాన్‌వలి మంచంలోంచే రెండు చేతులూ జోడించాడు. ఆ దణ్ణం చూశాక నేనక్కడ నిలబడలేకపోయాను. బయటికొచ్చి, రోడ్డుమీద షోడా బండి దగ్గర నిమ్మకాయ షోడా తాగినా నోట్లో ఆ చేదు పోలేదు. విషం ఆ కవర్లో కొంచెమే ఉంది. మిగతాదంతా కారెక్కి ఇంటికి వెళ్ళిందనిపించింది.

ఆయన కోలుకుని ఊరికి వెళ్ళాడు. మందు పడిన మేర మిరప మూడు రోజుల్లో మాడింది. ఆకులు ముడుచుకుని, పూత రాలి, కాయలు చెట్టుమీదే గోధుమరంగుకు తిరిగి ముడతలు పడ్డాయట. మిగతా చేనుకు ఏ మందూ కొట్టకుండా అలాగే ఉంచాడట. సాజిదా అక్కడే ఉండి ఫోన్లో ఫోటోలు పంపింది. నేను వాటిని ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేను టిక్కు మళ్ళీ పెట్టాను, చైతన్యకు ఆ పేజీ హక్కు తీసేశాను. ఉద్యోగం మానేద్దామా అనుకున్నాను గానీ, నేను వెళ్తే ఆ గడి దగ్గర ఎవరు కూర్చుంటారో తెలుసు కనుక మానలేదు.

ఇంత జరిగాక మనిషన్నవాడు మారతాడనుకుంటాం. కుక్కతోక గురించి పెద్దలు ఊరికే అనలేదు. మూఢంలో మంచిరోజు లేదన్న పద్మనాభం గారికే, హైదరాబాదు వాళ్ళు మళ్ళీ వస్తామనేసరికి ఒక మంచిరోజు దొరికింది. వాళ్ళకు డ్రమ్ము లెక్క చూపించి తీరాలి. చైతన్య ఈసారి ట్యాంకు లెక్క సరిచేశాడు, పత్తి మందుల లెక్క చెడగొట్టాడు. ముహూర్తం రోజు పొద్దున టీవీ ఎర్రగా ఉంది. కింద కొబ్బరికాయ, హారతి పళ్ళెం సిద్ధంగా ఉన్నాయి. కొత్త బంతిపూల దండ వేశారు. ఎరుపు కనిపించకుండా దండను రెండు వరసలుగా వెయ్యమని శశిభూషణ్ చెప్పి చూశాడు. గోడంత టీవీకి ఎన్ని బంతిపూలు సరిపోతాయి? చివరికి నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"ఈ ఒక్కసారికీ త్రిపురా. ఇది పత్తే కదా, తినేది కాదు."

నేను మౌసు వదిలేసి చేతులు కట్టుకున్నాను. నేను కదలకపోయేసరికి చైతన్యను పిలిచాడు. సెట్టింగుల పేజీ నా తెరమీద తెరిచే ఉంది. చైతన్య వచ్చి నా పక్కన నిలబడి, తలవంచుకుని మౌసు మీదికి చెయ్యి చాచాడు.

అప్పుడే తలుపు తోసుకుని సాజిదా వచ్చింది. సెలవు తర్వాత అదే మొదటి రోజు, దర్శి బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. ఆ ఎర్రటి టీవీని, హారతి పళ్ళేన్ని, నా బల్ల చుట్టూ మూగిన మమ్మల్ని చూసింది. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. భుజాన ఉన్న సంచిలోంచి ఒక దారం తీసింది. దానికి మాడిన మిరపకాయలు గుచ్చి ఉన్నాయి, గోధుమరంగులో, వేలెడంత కూడా లేనివి, పురుగు ముట్టనివి. మాకు చూపిద్దామని తెచ్చిందట, ఆ తర్వాత చెప్పింది. మాకు చూపించలేదు. తిన్నగా వచ్చి ఆ దండను నా కంప్యూటరు తెరకు కట్టింది. దుకాణాల వాళ్ళు గుమ్మానికి కట్టినట్టే, రెండు ముళ్ళు వేసి కట్టింది. చివరి కాయ సరిగ్గా ఆ గడి ముందు వేలాడుతోంది.

"మా నాన్న చేలో కాయలు ఇవి. ఆ టిక్కు తీసినవాళ్ళకి మా చేని ఉసురు తగులుద్ది."

గట్టిగా కూడా అనలేదు. కానీ చైతన్య చెయ్యి మౌసుకు జానెడు దూరంలో ఆగిపోయింది. కాసేపటికి ఆ చెయ్యి అతని జేబులోకి వెళ్ళింది. శశిభూషణ్ ఆఫీసు ఊడ్చే యలమందయ్యను పిలిచి, ఆ దండ తీసెయ్యమన్నాడు. యలమందయ్య దాన్ని ఒకసారి చూసి, నా వల్ల కాదయ్యా అని చీపురు పట్టుకుని అటే వెళ్ళిపోయాడు. అనంతపద్మనాభం గారైతే ఏకంగా తలుపు దగ్గరకు జరిగారు. కట్టినదాన్ని తెంపితే అది తెంపినవాడికే చుట్టుకుంటుందని, ఎవరూ ముట్టవద్దని, అసలు ఈ వేళ అంత మంచిది కాదని చెప్పారు. పొద్దున ఆ వేళ పెట్టింది తనే.

శశిభూషణ్ నా తెరవైపు ఒక అడుగు వేశాడు. ఆ కాయల దగ్గరకొచ్చి ఆగాడు. ఆయన చెయ్యి లేచింది, మళ్ళీ దిగింది. మంచంమీద మనిషి నురగ కక్కి పడుకుని ఉంటే జేబురుమాలు అడ్డం పెట్టుకుని బత్తాయిలు ఇచ్చి వచ్చినవాడు, ఆ మనిషి కళ్ళు చూసి భయపడనివాడు, ఆ చేతి దణ్ణానికి సిగ్గుపడనివాడు, దారానికి గుచ్చిన నాలుగు మాడుకాయలకు వణికి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రెండడుగులూ చూశాక ఆయనంటే నాకు మిగిలిన కాస్త భయమూ పోయింది, రోత ఒక్కటే మిగిలింది. ముహూర్తం వాయిదా అని గొణిగి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పెద్దమనుషులకు ఫోన్ చేసి ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పడం తలుపు అవతలనుంచి వినిపించింది.

హారతి పళ్ళెంలో కర్పూరం వెలిగించకుండానే ఉండిపోయింది. టీవీ ఎర్రగా ఉంది. చైతన్య తన కుర్చీకి వెళ్ళి పత్తి మందుల లెక్క తెరిచాడు. ఈసారి నిజంగానే వెతకడం మొదలుపెట్టాడు.

సాజిదా ఫోన్ మోగింది. ఎత్తి కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఊళ్ళోనుంచి వాళ్ళ నాన్న. మిగిలిన చేనుకు బొబ్బర వస్తోందట, ఏమన్నా కొట్టమంటావా అని అడుగుతున్నాడు. ఆ పిల్ల గోడమీది టీవీ వైపు తిరిగి చూసింది.

"ఎర్రగా ఉంది నాన్నా. ఏం కొట్టొద్దు. నేను చెప్పిందాకా ఆగు."